దానంతటదే వచ్చిన బొమ్మ

పెద్దబాపు దశదినకర్మకు జనగామ దగ్గరున్న మా ఊరికి వెళ్ళినప్పుడు, బడి గోడకు కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు అన్నం సయించలేదు. పెద్దబాపు అంటే మా నాన్నకు స్వయానా అన్న. మేము నాన్నను బాపు అనేవాళ్ళం, ఆయన్ను పెద్దబాపు అనేవాళ్ళం. ఫ్లెక్సీలో ఆయన మెడలో కండువాతో, పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు. కింద పెద్ద అక్షరాలతో "తెలంగాణ ఆత్మగౌరవం కోసం పోరాడిన రాజన్నకు జోహార్లు" అని రాశారు. మైకు ముందుకు ఒక్కొక్కరే వచ్చి ఆయన ఎన్ని రాస్తారోకోల్లో కూర్చున్నాడో, ఎన్నిసార్లు పోలీసు వ్యాను ఎక్కాడో చెప్పారు. అన్నీ నిజాలే, ఒక్కటి కూడా కల్పించింది కాదు. నాకు కోపం వచ్చింది అందుకే. అబద్ధాలు చెప్పి ఉంటే నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆ పిడికిలి నిజంగా ఎత్తిన మనిషే, సరిగ్గా ఆ రోజుల్లోనే, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నన్ను నలుగురి ముందు నిలబెట్టి నా గౌరవాన్ని కాలరాశాడు. ఆ సంగతి మైకులో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో దాన్ని ఎరిగినవాళ్ళకు ఆయన చెప్పిన కథే తెలుసు, జరిగింది తెలియదు.

ఉద్యమం మీద నాకు ఏ కోపమూ లేదు. మా కాలేజీ ఆడపిల్లలం చేతులు పట్టుకుని రోడ్డు పొడవునా నిలబడ్డ రోజున నేనూ ఉన్నాను. గొంతు పోయేదాకా అరిచాను. నా కోపం ఒక మనిషి మీద, ఆయన మాటకు తలూపిన మా బాపు మీద, ఒక అద్దాల గదిలో కూర్చుని కంప్యూటర్ తెర మీదికి ఒక దొంగ బటన్ గీసిన ముఖం తెలియని మనిషి మీద. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు నా మీద కూడా.

అప్పుడు మేము కొత్తగూడలో, పెద్ద రోడ్డు వెనక గల్లీలో, రెండు గదుల రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. బాపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. అమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేసేది. అమ్మ పేరు సత్తమ్మ. తెల్లారకముందే లేచి, బకెట్టు నీళ్ళతో ఒళ్ళు కడుక్కుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోపు జడ వేసుకునేది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆమె చేతుల్లోంచి ఫినాయిల్ వాసన పోయేది కాదు. ఆమె కలిపి పెట్టిన పచ్చిపులుసు అన్నంలో కూడా ఆ వాసన లీలగా తగిలేది. ఇప్పటికీ ఏ ఆఫీసు బాత్రూములో ఆ వాసన వచ్చినా నాకు ముందు ఆకలి వేస్తుంది. బాపు పొద్దున్నే క్యాబ్ కడిగేవాడు. లోపల నిమ్మకాయ వాసన వచ్చే సీసా ఒకటి వేలాడదీసేవాడు. దాన్ని వేలితో తట్టి ఊగేలా చేస్తే తప్ప బండి స్టార్ట్ చేసేవాడు కాదు.

మా ఇంటికి కంప్యూటర్ అమ్మ వల్ల వచ్చింది. వాళ్ళ ఆఫీసులో పాత సిస్టమ్‌లు తీసేసి కొత్తవి పెడుతుంటే, పాతవాటిలో కొన్ని స్టాఫుకు ఇస్తారని విని అమ్మ వెళ్ళి అడిగింది. హౌస్‌కీపింగ్ వాళ్ళలో అడిగింది ఆమె ఒక్కతే. "నీకెందుకు సత్తమ్మా, గుడ్డ కప్పి పెట్టుకుంటవా?" అని సూపర్‌వైజర్ నవ్వాడట. "నా బిడ్డ కంప్యూటర్ సదువుతున్నది సార్" అందట అమ్మ. లావుపాటి మానిటర్, పక్కన కంపెనీ స్టిక్కర్ అంటించి ఉన్న సీపీయూ. బాపు వాటిని క్యాబ్ వెనక సీట్లో పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టుకుని తెచ్చాడు. బియ్యం డబ్బా జరిపి, దాని చోట చెక్కబల్ల వేసి పెట్టాం. గల్లీలో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. బంద్‌ల వల్ల కాలేజీ నెలలో సగం రోజులు మూసే ఉండేది, పరీక్షలు వాయిదా పడుతూ ఉండేవి. అమ్మ ఆ డబ్బా తేకపోతే ఆ ఏడాది నా చదువు చదువే కాదు. నేను ఆ బల్ల ముందే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఇంటర్నెట్‌కు అగ్గిపెట్టంత డాంగిల్ ఒకటి ఉండేది. దాన్ని కిటికీ వైపు తిప్పి పెడితేనే సిగ్నల్ అందేది.

హైదరాబాద్‌లో ఏ సభ జరిగినా, ధర్నా జరిగినా పెద్దబాపు మా ఇంట్లోనే దిగేవాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయనదే అయ్యేది. రెండు కాళ్ళూ పైకి మడిచి కూర్చుని, చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. కళ్ళద్దాలు కండువాతోనే తుడిచేవాడు. పేపరు పైకి చదివేవాడు. ఇల్లంతా వినాలి. వినకపోతే మళ్ళీ మొదటి నుంచి చదివేవాడు. ఆయన బీడీ పొగ, అమ్మ వేయించే ఎండుమిరపకాయల ఘాటు కలిసి ఆ రేకుల కింద కళ్ళు మండేవి. నాకు ఆయనంటే ఇష్టం. ఇది దాచను. "మన నీళ్ళు, మన కొలువులు" అని ఆయన చెబుతుంటే, ఆ అద్దాల బిల్డింగుల్లో మా అమ్మ నేల తుడవడమేనా, ఏదో ఒకనాడు నేను కుర్చీలో కూర్చోవద్దా అని నా రక్తం ఉడికేది.

ఆ రోజుల్లో పెద్దబాపు ఒక కొత్త ఫోను కొన్నాడు. అందులో మెమరీ కార్డు వేసుకుని పాటలు వినొచ్చు. వచ్చిన రోజు సాయంత్రం నన్ను పిలిచాడు.

"రజితా, నీ డబ్బలకెళ్ళి ఉద్యమం పాటలు ఇండ్ల ఎక్కియ్యి బిడ్డా. ఊర్ల పిల్లలకు వినిపియ్యాలె."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పాటలు దొరికే ఒక సైటు తెరిచాను. పాట పేరు కింద ఆకుపచ్చ రంగులో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి పెద్దవి. అన్నిటికంటే పెద్దదాన్ని నొక్కాను. పాట రాలేదు, ఒక చిన్న ప్రోగ్రాం దిగింది. దాన్ని నడిపితే పాట వస్తుందని రాసి ఉంది. నడిపాను. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది, నెక్స్ట్ అంది. నొక్కాను. మళ్ళీ నెక్స్ట్ అంది. మళ్ళీ నొక్కాను. పక్కనుంచి పెద్దబాపు "అయిందా, అయిందా" అంటున్నాడు. ఏమీ చదవలేదు. చివరికి పాట నిజంగానే వచ్చింది. అదీ దాని మోసం. పాట ఇవ్వకపోయి ఉంటే అప్పుడే అనుమానించేదాన్ని. పెద్దబాపు ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని తల ఊపాడు. "సదివించుడంటే గిట్ల సదివియ్యాలె తమ్మీ" అని బాపు వీపు తట్టాడు.

మర్నాడు బ్రౌజర్ తెరిస్తే పైన రెండు వరసల కొత్త టూల్‌బార్లు వచ్చి కూర్చున్నాయి. నేను పెట్టుకున్న మొదటి పేజీ పోయి ఏదో వెతుకులాట పేజీ వచ్చింది. మీరు బహుమతి గెలిచారు అని ఒక కిటికీ, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఇక్కడ నొక్కండి అని ఇంకోటి. నాకు తెలిసిన పద్ధతిలో ఆ బార్లు తీసేశాను. మళ్ళీ ఆన్ చేయగానే తిరిగొచ్చాయి. మూడో రోజుకు బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు మొదలయ్యాయి. మొదటిసారి చూసినప్పుడు గబుక్కున మానిటర్ ఆపేసి తలుపు వైపు చూశాను. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికి చెప్పను? అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. బాపుకు చెప్పే ప్రశ్నే లేదు. కాలేజీ మూసి ఉంది. ఆన్ చేయకుండా ఊరుకుంటే పోతుందేమో అని పిచ్చిదానిలా రెండు రోజులు దాని మీద దుప్పటి కప్పి ఉంచాను. ఆ దుప్పటే తర్వాత నా మీద సాక్ష్యం అయింది.

ఆ ఆదివారం పెద్దబాపుతో పాటు ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మర్నాడు బంద్. అమ్మ వాళ్ళ కోసం సర్వపిండి రొట్టెలు చేస్తోంది. నువ్వుల వాసన గల్లీ దాకా వెళ్ళింది. బాపు మంచి హుషారుగా ఉన్నాడు. "మా రజిత పాటలు వెడ్తది సూడుర్రి" అన్నాడు. వద్దు బాపూ, సిస్టమ్ బాలేదు అన్నాను. "ఏమైంది? మొన్న మంచిగనే ఉండె గద" అని తనే దుప్పటి లాగేసి స్విచ్ వేశాడు. నేను కూర్చుని పాట వెతికాను. పాట మొదలైంది. ఊరి పెద్దల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. అంతలో తెర నిండా ఆ బొమ్మ వచ్చింది. మూస్తే రెండు వచ్చాయి. ఆ రెండూ మూస్తే నాలుగు. వెనక పాట పాడుతూనే ఉంది. ప్లగ్ పీకేయాలన్న ఆలోచన నాకు రాలేదు. బాపుకు వచ్చింది. పాట సగంలో తెగిపోయింది.

పెద్దబాపు కుర్చీలోంచి కాళ్ళు కిందికి దించాడు.

"ఏందిది?"

"యాడ్స్ పెద్దబాపూ. దానంతటదే వస్తున్నది. నేనేం జెయ్యలే."

"దానంతటది ఎట్లొస్తది? నువ్వు పిలువకుంటనే వస్తదా? మరి ఎందుకు గుడ్డ గప్పి దాసినవ్?"

దానంతటదే యాడ్స్ తెచ్చి చూపించే ఇలాంటిదాన్ని యాడ్‌వేర్ అంటారని కూడా నాకు అప్పటికి తెలియదు. మా కంప్యూటర్ పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి, ఇది లేదు. పెద్దబాపు నాతో మాట్లాడటం మానేసి బాపు వైపు తిరిగాడు.

"తమ్మీ, ఇంటి పరువు రోడ్డు మీద వడకముందే సదువు బంద్ జేపియ్యి. బంద్ అయిపోయినంక నా ఎంబడి ఊరికి తోలియ్యి. ఊర్ల ఉంటే మనిషి లెక్క ఉంటది."

ఆ ఇద్దరు పెద్దమనుషులు సర్వపిండి తినకుండానే లేచారు. బాపు సరేనని తలూపాడు. కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కరెంటు వైరు పీకి, చుట్టగా చుట్టి, తీసుకెళ్ళి క్యాబ్ డిక్కీలో పెట్టి తాళం వేశాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పెనం మీద పిండి మాడుతుంటే అట్లకాడతో గీకుతూ కూర్చుంది. నా వైపు కూడా చూడలేదు. ఆ క్షణంలో నాకు అందరికంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనకూడదా అని.

మర్నాడు బంద్. పొద్దున్నే బాపు, పెద్దబాపు చౌరస్తాలో రాస్తారోకోకు వెళ్ళారు. వాళ్ళు గల్లీ మలుపు తిరగగానే అమ్మ పాత చీర ఒకటి తీసి నేల మీద పరిచింది. సీపీయూను దాని మీద పెట్టి మూట కట్టింది.

"లెవ్వు. చెప్పులేసుకో."

"ఏడికి?"

"మా ఆఫీసుల సిస్టమ్ సార్ ఉన్నడు. నిన్న కిరాణ దుకాణం కాడికి వొయ్యి ఫోన్ జేసిన. తెమ్మన్నడు. ఇయ్యాల డ్యూటీ ఉన్నోళ్ళను బంద్ ఉన్నా రమ్మన్నరు."

"మరి వైరు?"

"ఆడ బొచ్చెడు వైర్లుంటయి. నడువు."

బస్సులు లేవు, ఆటోలు లేవు. చౌరస్తా గుండా వెళితే బాపు కంట్లో పడతాం. అందుకని గల్లీల వెంట, కడుతున్న బిల్డింగుల పక్క నుంచి, కంకర కుప్పల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. అమ్మ మూటను నెత్తి మీద పెట్టుకుంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. దూరంగా రాస్తారోకోలో నినాదాలు వినబడుతున్నాయి. వాటిలో పెద్దబాపు గొంతు నేను పోల్చగలిగాను. నాకు మామూలుగా ఒళ్ళు పులకరించే ఆ నినాదాలు ఆ రోజు చెవిలో ముళ్ళలా గుచ్చుకున్నాయి.

హైటెక్ సిటీ వైపు రోడ్డుకు అడ్డంగా పోలీసులు ముళ్ళకంచె వేసి ఉన్నారు. అంత వెడల్పు రోడ్డు మీద ఒక్క బండి లేదు. మేమిద్దరమే.

"ఏయ్, ఆగమ్మా. ఏముంది మూటల?" అన్నాడు ఒక పోలీసు.

అమ్మ దించి విప్పింది. అతను కర్రతో తట్టి చూశాడు. పక్కనున్న కంపెనీ స్టిక్కర్ చూశాడు. అమ్మ మెడలోని హౌస్‌కీపింగ్ కార్డు చూశాడు. అతని ముఖం మారింది.

"ఓహో. బంద్ నాడు ఎవ్వడు లేడని లేపుకొస్తున్నవా?"

"లేపుకొస్తే ఆఫీసు దిక్కుకు ఎందుకు మోస్త సార్? ఇంటి దిక్కుకు మోస్త" అంది అమ్మ. గొంతు పెంచలేదు. నడుముకు దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి విప్పి ఇచ్చింది. సిస్టమ్‌ను ఆమెకు ఇస్తున్నట్టు కంపెనీ ముద్ర వేసిన కాగితం. చదవడం రాని మా అమ్మ ఆ కాగితాన్ని ఏడాదిన్నరగా కార్డుతో పాటు ఒంటి మీదే ఉంచుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. మా లాంటివాళ్ళ దగ్గర అలాంటి వస్తువు ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దొంగా అంటారని ఆమెకు ముందే తెలుసు. నాకు తెలియదు. పోలీసు కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, పొమ్మన్నట్టు కర్ర ఊపాడు. క్షమించమని అనలేదు.

సిస్టమ్ సార్ పేరు సతీష్. భీమవరం వైపు మనిషి. సన్నగా, చెదిరిన జుట్టుతో, రెండు రోజులుగా ఆఫీసులోనే పడుకున్నట్టున్నాడు. నన్ను పైకి పంపడానికి సెక్యూరిటీ ఒప్పుకోకపోతే తనే సెల్లారులోకి మానిటర్ మోసుకుని వచ్చాడు. హౌస్‌కీపింగ్ వాళ్ళు బకెట్లు, తుడిచే కర్రలు పెట్టుకునే గదిలో, ఫినాయిల్ క్యానుల మధ్య సిస్టమ్ బిగించి, నెట్ కలిపాడు. ఆన్ చేశాడు. కాసేపటికి ఆ బొమ్మ వచ్చింది. నేను తల దించుకున్నాను. అమ్మ గోడ వైపు తిరిగింది. అతను మాత్రం తెర పక్కకు తిప్పలేదు, నా వైపు అదోలా చూడలేదు.

"ఓ, ఇదా అండి. పోయిన నెల మా మేనేజర్ గారి ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే వచ్చింది. మీటింగులో, అందరి ముందూ."

"మరి ఆయన్ని ఏమన్నారు సార్?"

"ఏమంటారండి? కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అతను కుర్చీలోంచి లేచి, "మీరు కూర్చోండి. నేను చేస్తే మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ ఇంత దూరం మోసుకురావాలి. మీరే చెయ్యండి" అన్నాడు. నేను కూర్చున్నాను. ఆ బిల్డింగులో నేను కూర్చున్న మొదటి కుర్చీ అది.

సిస్టమ్‌లో ఉన్న ప్రోగ్రాములన్నిటినీ తారీఖు వరసలో పెట్టించాడు. పాట దించిన సాయంత్రం నాటివి మూడు ఉన్నాయి. నేను ఎన్నడూ పెట్టనివి. పేర్లు చూస్తే సాయం చేసేవాటిలా, ధరలు తగ్గించేవాటిలా ఎంతో మర్యాదగా ఉన్నాయి. మూడింటినీ తీసేయించాడు. తర్వాత బ్రౌజర్‌లో తగులుకున్న తోకలు ఒక్కొక్కటీ తీయించాడు. నేను ఇంతకుముందు తీస్తే ఎందుకు తిరిగొచ్చాయో చూపించాడు. రోజుకోసారి దానంతటదే లేచి, తీసేసినవాటిని మళ్ళీ పెట్టే పని ఒకటి సిస్టమ్ లోపల దాక్కుని ఉంది. దాన్ని తీయించాడు. బ్రౌజర్ ఐకాన్ మీద నొక్కితే తెరుచుకునే చిరునామా చివర, కంటికి కనిపించకుండా ఇంకో చిరునామా అతికించి ఉంది. అదీ చెరిపించాడు. చివర్లో శుభ్రం చేసే ఉచిత ప్రోగ్రాం ఒకటి తన పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించి, దాన్ని తయారు చేసినవాళ్ళ సొంత సైటు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించవద్దని మూడుసార్లు చెప్పాడు. రెండుసార్లు ఆపి ఆన్ చేశాం. ఏ బొమ్మా రాలేదు.

అప్పుడు నేను అడిగాను, ఇది లోపలికి ఎట్లా వచ్చిందో చూపించమని. నేను దించిన ఆ చిన్న ప్రోగ్రాం ఇంకా ఉంది. దాన్ని నెట్ లేని ఇంకో పాత సిస్టమ్‌లో మళ్ళీ నడిపాడు. నెక్స్ట్ అనే కిటికీ వచ్చింది. "ఇప్పుడు చదవండి" అన్నాడు. చదివాను. త్వరగా పెట్టుకునే దారి అని ఒకటి ముందే టిక్కు పెట్టి ఉంది. దాని కింద, మనం ఎంచుకునే దారి అని ఇంకోటి ఉంది. అక్షరాలు బూడిద రంగులో, బూడిద రంగు గీత మీద, ఉన్నాయో లేవో అన్నట్టు. అందులోకి వెళితే మూడు పెట్టెలు, మూడింటికీ ముందే టిక్కులు. ఆ టిక్కులు తీసేసి ఉంటే ఏదీ వచ్చేది కాదు. ఒద్దు అనే బటన్ కూడా ఉంది. అది పనిచేయని బటన్‌లా కనిపించేట్టు గీశారు.

నాకు అప్పుడు పుట్టిన కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. అది పొరపాటున జరిగింది కాదు. ఎవరో ఒక మనిషి ఏ రంగు అయితే కన్ను దాటిపోతుందో ఆలోచించి, ఆ రంగు ఎంచి పెట్టాడు.

"ఇవి ఎవరు రాస్తరు సార్?"

సతీష్ సార్ పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు. "మన లాంటివాళ్ళేనండి. ఇలాంటి బిల్డింగుల్లోనే కూర్చుని. సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లలకి హోంవర్క్ చెప్తారు" అన్నాడు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. బాపు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మూట చూసి లేచాడు. అమ్మ ఆయన ముందు చెయ్యి చాపింది. "వైరు." అంతే అంది. బాపు ఆమె ముఖం చూసి, ఏం చూశాడో, వెళ్ళి డిక్కీ తెరిచాడు. నేను ఆన్ చేసి బాపును కుర్చీలో కూర్చోబెట్టి అంతా చూపించాను. ఆ నెక్స్ట్ కిటికీ బొమ్మను సతీష్ సార్ కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. దాన్ని బాపు చేతిలో పెట్టి, ఇదిగో టిక్కు, ఇదిగో ఒద్దు అనే బటన్, కనిపిస్తోందా అని అడిగాను. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "కనబడ్తలేదు బిడ్డా" అన్నాడు మెల్లగా. అది ఆయన నాకు చెప్పిన క్షమాపణ అనుకున్నాను. అంతకంటే ఏమీ దొరకలేదు.

పెద్దబాపు వచ్చాడు. ఆయనకూ చూపించబోయాను. "నువ్వడిగిన పాట కోసం నొక్కితేనే వచ్చింది పెద్దబాపూ. ఇగో, సూడు తారీఖు."

"అంటె తప్పు నాదంటవా?"

"నీది గాదు, నాది గాదు అంటున్న."

"ఎవ్వరు బాగు జేసిండ్రు దీన్ని?"

"అమ్మోళ్ళ ఆఫీసు సార్. భీమవరమాయన."

ఆయనకు అది చాలింది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆంధ్రోడు జెప్తె నమ్ముతరు, ఇంటి పెద్ద జెప్తె నమ్మరు" అని, తీసిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. నా చదువు ఆగలేదు. కానీ ఆయన ఊరికి వెళ్ళి ఏం చెప్పాడో నాకు ఏడాది తర్వాత చిన్నమ్మ కూతురి పెళ్ళిలో తెలిసింది. నేను పక్కన కూర్చోగానే ఇద్దరు ఆడవాళ్ళు తమ పిల్లలను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "కంప్యూటర్ల ఏందేందో సూస్తదట" అన్న మాట నా చెవిన పడింది. ఆ మాట రాష్ట్రం వచ్చాక కూడా పోలేదు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా, పెళ్ళి అయ్యాక కూడా పోలేదు. ఏ ప్రోగ్రామూ దాన్ని తీసేయలేకపోయింది.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక గృహప్రవేశంలో పెద్దబాపు నన్ను పక్కకు పిలిచాడు. అప్పటికి ఆయన మండలంలో పేరున్న నాయకుడు. చేతిలో పెద్ద ఫోను. "రజితా, ఇండ్ల ఏందేందో పాడు బొమ్మలొస్తున్నయి జర సూడు. దానంతటదే వస్తున్నది బిడ్డా" అన్నాడు. అవే మాటలు. ఆయనకు గుర్తు లేదు. ముఖం చూస్తే తెలిసింది, నిజంగానే గుర్తు లేదు. నేను ఫోను తీసుకుని, బ్యాటరీ ఆదా చేస్తానంటూ ఆయన పెట్టుకున్న యాప్ ఒకటి తీసేసి, బ్రౌజర్‌కు ఇచ్చేసిన అనుమతులు రద్దు చేసి, రెండు నిమిషాల్లో చేతిలో పెట్టాను. "మస్తు హుషార్ పిల్లవు" అన్నాడు. అప్పుడైనా అడగాల్సింది. నువ్వు పిలువకుంటనే వస్తదా పెద్దబాపూ అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. చుట్టూ బంధువులు ఉన్నారు, భోజనాలు నడుస్తున్నాయి, పెద్దవాడు కదా అని ఊరుకున్నాను. ఆయన మాత్రం నన్ను నిలదీసినప్పుడు చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు.

ఇప్పుడు నేను కోకాపేటలో, కింద నుంచి చూస్తే మెడ నొప్పి పుట్టే ఒక టవరులో పని చేస్తున్నాను. బయటి ప్రోగ్రాములను ఆఫీసు సిస్టమ్‌లలోకి రానివ్వాలా వద్దా అని పరీక్షించే టీమ్ మాది. అంటే పగలంతా నెక్స్ట్ కిటికీలను చదువుతూ కూర్చుంటాను. చదివినందుకు జీతం ఇస్తారు. ఆ రోజుల్లో బూడిద రంగు బటన్ ఒకటే ఉండేది. ఇప్పుడు మూసే గుర్తు ఐదు సెకన్లదాకా కనిపించదు, కనిపించినా వేలు పెడితే పక్కకు జరుగుతుంది. పసిపిల్లల ఆటల్లో కూడా అవే. అప్పుడు దాన్ని దొంగపని అనేవాళ్ళం. ఇప్పుడు మా క్యాంటీన్‌లో కుర్రాళ్ళు దాన్నే ప్రతిభ అంటారు. పోయిన నెల ఒకతను తను గీసిన అలాంటి కిటికీ గురించి గర్వంగా చెబుతుంటే, నా పళ్ళెం వదిలేసి లేచి వచ్చాను. అతనికి కారణం చెప్పలేదు. చెబితే ఈ కథంతా చెప్పాల్సి వచ్చేది.

దశదినకర్మ నుంచి తిరిగి వస్తున్నప్పుడు కారులో అమ్మ, నేను ఇద్దరమే ఉన్నాం. బాపు ఊళ్ళో ఆగిపోయాడు. మైకులో మాటలు ఇంకా నా చెవుల్లో గింగురుమంటున్నాయి. అమ్మకు ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. సీటు వెనక్కి వాల్చుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను.

"అమ్మా, ఆ దినం అందరు నన్ను అనుమానిస్తే నువ్వొక్కదానివి ఎట్ల నమ్మినవ్?"

"నమ్ముడేంది?" అంది అమ్మ.

"నేను ఆ బొమ్మలు సూడలేదని."

"నేనేడ నమ్మిన బిడ్డా? సూసినవనే అనుకున్న."

కారు వేగం దానంతటదే తగ్గిపోయింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. "మరి ఎందుకు మోసినవ్, నెత్తి మీద పెట్టుకుని, అంత దూరం?"

"సూస్తే సూసినవ్. వయసు పిల్లవు. గంత దానికే సదువు బంద్ జేస్తరా ఎవలన్న?" అంది అమ్మ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. "ఆయన ఊరికి తోలియ్యమన్నడు. నేను తోలియ్యొద్దనుకున్న. గంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బకెట్ల గదిలో ఆ బొమ్మ వచ్చినప్పుడు నేను తల దించుకుంటే, అమ్మ గోడ వైపు తిరిగి, నేనే తప్పు చేశానని అనుకుంటూ నిలబడి ఉందన్నమాట. ఒక్కరైనా నన్ను నమ్మారన్న ధీమాతోనే కదా ఇన్నాళ్ళూ ఆ పెళ్ళిళ్ళలో, ఆ గుసగుసల మధ్య తల ఎత్తుకుని కూర్చున్నాను. గట్టిగా ఏదో అనబోయి పక్కకు తిరిగాను. అమ్మ అప్పటికే నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఘట్‌కేసర్ దాటేదాకా ఆ కోపంతోనే నడిపాను. తారీఖులు, అచ్చు కాగితాలు, టిక్కు పెట్టెలు చూపించి, నా తప్పు లేదని ఎంతమందికి రుజువు చేస్తూ వచ్చానో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళందరిలో ఆ రుజువు అవసరం లేని మనిషి ఒక్కతే. నేను బండి మెల్లగా పోనిచ్చాను, ఆమె తల అద్దానికి తగలకుండా.